ఒక ఫైలు, ఇద్దరు రాతగాళ్లు

లినక్స్ టెర్మినల్‌లో ఒక కమాండు రాసి, దాని పక్కన ‘>’ గుర్తు పెట్టి ఫైలు పేరు ఇస్తే, ఆ ఫైల్లో అంతకుముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ గుర్తునే రెండుసార్లు ‘>>’ అని పెడితే పాతది చెక్కుచెదరదు, కొత్తది దాని కింద చేరుతుంది. టైపు చేసేవాళ్లకు ఇది ఒక్క మీట తేడా. కెర్నెల్ దగ్గరికి వెళ్లేసరికి ఇదే రెండు సంఖ్యల తేడా అవుతుంది. మొదటి సందర్భంలో దానికి అందేది 577, రెండో సందర్భంలో 1089.

ప్రోగ్రాములేవీ డిస్కును నేరుగా ముట్టుకోవు. ఫైలు కావాలంటే ‘ఓపెన్’ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌ను అడగాలి. అడిగేటప్పుడు ఫైలు పేరుతోపాటు ఒక సంఖ్య కూడా ఇవ్వాలి. చదవడానికా, రాయడానికా, ఫైలు లేకపోతే పుట్టించాలా, ఉంటే ఖాళీ చేయాలా, చివర చేర్చాలా అనే కోరికలన్నీ ఆ ఒక్క సంఖ్యలోనే ఇమిడి ఉంటాయి. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద నడిచే లినక్స్‌లో రాయడానికి 1, లేని ఫైలును పుట్టించడానికి 64, ఉన్నదాన్ని ఖాళీ చేయడానికి 512, చివర చేర్చడానికి 1024. మొదటి మూడూ కలిపితే 577. అందులోంచి 512 తీసేసి 1024 కలిపితే 1089. ఇలా ఒక్కో బిట్‌తో ఒక్కో కోరికను తెలిపే గుర్తులనే ఫ్లాగులంటారు.

ఖాళీ చేయమన్న ఫ్లాగు ఎప్పుడు అమలవుతుందో కొత్తవాళ్లు ఊహించలేరు. ఒక ఫైల్లోని పేర్లను అక్షరక్రమంలో పెట్టి మళ్లీ అదే ఫైల్లో దాచాలని ‘సార్ట్’ కమాండుకు ఆ ఫైలునే ఇచ్చి, ‘>’ తర్వాత కూడా ఆ పేరే రాస్తే చివరికి మిగిలేది సున్నా బైట్ల ఫైలు. కమాండు మొదలుకాకముందే, మనం టైపు చేసినదాన్ని అందుకునే షెల్ ఆ ఫైలును 577తో తెరుస్తుంది. తెరిచిన ఆ క్షణమే అది ఖాళీ అయిపోతుంది. తర్వాత వచ్చిన సార్ట్‌కు చదవడానికి ఏమీ ఉండదు.

లినక్స్‌కు మాతృక అయిన యూనిక్స్‌ను బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టారు. దాని తొలి రూపాల్లో ఓపెన్‌కు ఇన్ని ఫ్లాగులు లేవు. చదవడానికి 0, రాయడానికి 1, రెండింటికీ 2, అంతే. కొత్త ఫైలు పుట్టించడానికి వేరే సిస్టమ్ కాల్ ఉండేది. ఆ మూడు అంకెలూ నేటికీ అలాగే ఉన్నాయి, వాటి చిక్కు కూడా అలాగే ఉంది. చదవడమనే కోరికకు సొంత బిట్ లేదు, అది వట్టి సున్నా. చదవడాన్నీ రాయడాన్నీ కలుపుదామని 0కి 1 కలిపితే మళ్లీ 1 వస్తుంది, అంటే రాయడం మాత్రమే. ఒక ఫైలును చదవడానికి తెరిచారా లేదా అన్నది ఒక బిట్ చూసి తేల్చలేం, చివరి రెండు బిట్లనూ విడదీసి చూడాలి. దీన్ని ఇప్పుడు సరిదిద్దితే అప్పటినుంచి రాసిన ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు. కెర్నెల్ లోకంలో ఒకసారి బయటికి వెళ్లిన నిర్ణయానికి ఆయుష్షు చాలా ఎక్కువ. దీనికంటే ఖరీదైన ఉదాహరణ ఈ అధ్యాయంలోనే ముందు ఎదురవుతుంది.

ఫ్లాగుల్లో ఎక్కువ గౌరవం దక్కాల్సినది 128 విలువున్న ‘ఓ_ఎక్స్‌క్ల్’. ‘ఓ_క్రియట్’ అనే 64తో కలిపి దీన్ని వాడితే అర్థం ఇది: ఈ ఫైలు లేకపోతేనే పుట్టించు, ముందే ఉంటే నాకు ఇవ్వకు, తప్పు చూపించు. చూడ్డానికి చిన్న షరతు. ప్రోగ్రామే ముందు ఫైలు ఉందో లేదో చూసి, లేకపోతే పుట్టించుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం ఉంది. చూడటం ఒక సిస్టమ్ కాల్, పుట్టించడం మరొకటి. ఆ రెండింటి నడుమ కెర్నెల్ ఈ ప్రోగ్రామును పక్కన పెట్టి మరొకదాన్ని నడిపించవచ్చు. ఆ రెండోది కూడా అదే ఫైలు కోసం చూసి, లేదని నిర్ధారించుకుని, పుట్టించుకుని పని మొదలుపెడుతుంది. తర్వాత మొదటిదాని వంతు వస్తుంది. అది పాత సమాచారాన్నే నమ్మి తానూ పుట్టిస్తుంది. ఇప్పుడు ఇద్దరూ తామే ఏకైక హక్కుదారులమని అనుకుంటున్నారు. ఈ నడిమి ఖాళీ సెకనులో లక్షో వంతు కూడా ఉండకపోవచ్చు. కానీ రోజంతా తీరిక లేకుండా నడిచే సర్వర్లో అంత చిన్న ఖాళీ కూడా ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. పరీక్షల్లో కనిపించని లోపం కాబట్టి దాన్ని పట్టుకోవడం కూడా కష్టం.

ఓ_ఎక్స్‌క్ల్‌తో చూడటమూ పుట్టించడమూ కెర్నెల్ లోపల విడదీయరాని ఒకే పనిగా జరుగుతాయి. నడుమ ఎవరూ దూరలేరు. ఈ ఫ్లాగు లేని తొలినాళ్లలో ప్రోగ్రామర్లు ఒక ఉపాయం వాడేవారు. ఎవరికీ రాసే అనుమతి లేని ఫైలును పుట్టించేవారు. రెండోవాళ్లు అదే పేరుతో పుట్టించబోతే, ఉన్న ఫైలుకు రాసే అనుమతి లేదని కెర్నెల్ తిప్పిపంపేది. ఉపాయం బాగానే ఉంది కానీ, సర్వాధికారి అయిన ‘రూట్’కు అనుమతుల అడ్డు ఉండదు. రూట్ తరఫున నడిచే రెండు ప్రోగ్రాములు తలపడితే ఈ కాపలా పనిచేయదు.

గిట్ వాడేవాళ్లు దీని ఫలితాన్ని తరచూ చూస్తుంటారు. గిట్ తన ఇండెక్స్ ఫైలును మార్చే ముందు ‘ఇండెక్స్.లాక్’ అనే ఫైలును ఈ రెండు ఫ్లాగులతోనే పుట్టిస్తుంది. కొత్త సమాచారమంతా అందులోనే రాసి, పూర్తయ్యాక దాని పేరు మార్చి అసలు ఇండెక్స్ స్థానంలో కూర్చోబెడుతుంది. పేరు మార్చడం కూడా కెర్నెల్ విడదీయకుండా చేసే పనే. అందువల్ల చదివేవాళ్లకు పూర్తి పాతదో పూర్తి కొత్తదో కనిపిస్తుంది తప్ప సగం రాసినది ఎన్నడూ కనిపించదు. ఒక లోటు మాత్రం ఉంది. పని మధ్యలో గిట్ కూలిపోతే లాక్ ఫైలు అలాగే మిగిలిపోతుంది. మరో గిట్ నడుస్తున్నట్టుందన్న హెచ్చరిక వస్తుంది. నిజంగా ఏదీ నడవడం లేదని నిర్ధారించుకుని మనిషే దాన్ని తీసేయాలి.

చూడటానికీ చేయడానికీ నడుమ ఉన్న ఆ ఖాళీ దాడిచేసేవాళ్లకు కూడా పనికొచ్చింది. యూనిక్స్‌లో టెంప్ అనే డైరెక్టరీ అందరిదీ. ఎవరైనా అందులో ఫైళ్లు పెట్టుకోవచ్చు. రూట్ తరఫున నడిచే ఒక ప్రోగ్రాము అక్కడ ముందే ఊహించగల పేరుతో తాత్కాలిక ఫైలు పుట్టిస్తుందనుకుందాం. మామూలు వినియోగదారుడు అదే పేరుతో ఒక సింబాలిక్ లింకు ముందే పెట్టి, దాన్ని సిస్టమ్ పాస్‌వర్డ్ ఫైలు వైపు చూపిస్తే చాలు. రూట్ ప్రోగ్రాము తాత్కాలిక ఫైల్లో రాస్తున్నాననుకుంటూ పాస్‌వర్డ్ ఫైలును చెడగొడుతుంది. 1990లలో ఎన్నో యూనిక్స్ ప్రోగ్రాముల్లో ఈ రకం లోపాలు బయటపడ్డాయి. మ్యాట్ బిషప్, మైకేల్ డిల్గర్ 1996లో ప్రచురించిన పరిశోధన ఈ లోపాలను ఒక వర్గంగా విశ్లేషించి, ప్రోగ్రాము మూలపాఠంలో వాటిని వెతికే పద్ధతి చూపింది. ఓ_క్రియట్, ఓ_ఎక్స్‌క్ల్ కలిపి తెరిస్తే ఆ పేరుతో ఉన్నది లింకైనా సరే కెర్నెల్ దాని వెంట వెళ్లదు, వెంటనే తప్పు చూపిస్తుంది. ఫ్లాగు ఉంది, అయినా వాడనివాళ్లు వాడలేదు. అందుకే 2012లో లినక్స్ 3.6 టెంప్ లాంటి ఉమ్మడి డైరెక్టరీల్లో ఇతరులు పెట్టిన లింకుల వెంట వెళ్లకుండా ఆపే కాపలాను కెర్నెల్‌లోనే చేర్చింది. ప్రోగ్రామరు మరిచిపోయినా వినియోగదారుడు నష్టపోకూడదన్న ఈ వైఖరి సరైనది. అది అంత ఆలస్యంగా రావడమే బాధాకరం.

చివర చేర్చే ‘ఓ_అపెండ్’ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. రెండు ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న రెండు ప్రోగ్రాములు, ఒకే లాగ్ ఫైల్లో రాస్తున్నాయనుకుందాం. ప్రతిదీ ముందు ఫైలు చివరికి జరిగి, తర్వాత రాస్తే, ఇద్దరూ ఒకే చివరను చూసి ఒకరి మీద ఒకరు రాసుకునే అవకాశముంది. ఒకరి వరుస పోతుంది. ఓ_అపెండ్‌తో తెరిస్తే చివరికి జరగడం, రాయడం అనే రెండు పనులనూ కెర్నెల్ ఒక్కటిగా చేస్తుంది. అయితే ఫైలు నెట్‌వర్క్ అవతల ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్లో ఉంటే ఈ భరోసా పోతుంది. చివర చేర్చు అనే ఆదేశం ఎన్‌ఎఫ్‌ఎస్ భాషలోనే లేదు. క్లయింటు వైపు కెర్నెల్ దాన్ని అనుకరించాలి, ఆ అనుకరణలో మళ్లీ అదే ఖాళీ తలెత్తుతుంది. లినక్స్ మాన్యువల్ ఈ విషయాన్ని సూటిగా హెచ్చరిస్తుంది.

ఇక ‘ఓ_క్లోఎగ్జెక్’. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ మరో ప్రోగ్రామును నడిపించినప్పుడు తన దగ్గర తెరిచి ఉన్న ఫైళ్లన్నీ మామూలుగా దానికీ సంక్రమిస్తాయి. పైపులతో కమాండ్లను కలపగలగడం ఈ ఏర్పాటు వల్లే సాధ్యమైంది. కానీ అక్కర్లేని ఫైలు కూడా ఆ వరసలో జారిపోవచ్చు. ఫైలు తెరిచాక మరో సిస్టమ్ కాల్‌తో సంక్రమించకుండా ఆపే వీలు అంతకుముందే ఉంది. ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే థ్రెడ్లు వచ్చాక ఆ రెండు కాల్స్ నడుమ ఇంకో థ్రెడ్ కొత్త ప్రోగ్రామును నడిపించే ప్రమాదం వచ్చింది. ఆ ఖాళీని మూయడానికి తెరిచేటప్పుడే ఇవ్వగల ఈ ఫ్లాగు 2007లో లినక్స్ 2.6.23తో వచ్చింది. పైథాన్ 2014లో 3.4 వెర్షన్ నుంచి తెరిచే ప్రతి ఫైలునూ సంక్రమించనిదిగానే తెరవడం మొదలుపెట్టింది. అయినా జారుడు ఆగలేదు. డాకర్ వంటి వ్యవస్థల్లో కంటెయినర్లను మొదలుపెట్టే ‘రన్‌సీ’ అనే ప్రోగ్రాములో 2024 జనవరిలో పెద్ద లోపం బయటపడింది. హోస్ట్ యంత్రానికి చెందిన ఒక డైరెక్టరీ మీద తెరిచి ఉన్న డిస్క్రిప్టరు (తెరిచినదాన్ని సూచించే అంకె) కంటెయినర్ లోపలికి జారిపోతోంది. దాన్ని పట్టుకుని లోపలివాళ్లు హోస్ట్ ఫైళ్లను చేరుకోగలిగేవారు. గోడలన్నీ సరిగ్గా కట్టినా, మూయడం మరిచిన ఒక్క డిస్క్రిప్టరు చాలింది.

తాళాల సంగతిలోకి వెళ్లేముందు, తెరిచిన ఫైలును కెర్నెల్ ఎలా గుర్తుంచుకుంటుందో తెలియాలి. అందులో మూడు అంచెలున్నాయి. ప్రాసెస్ చేతిలో ఉండేది డిస్క్రిప్టరు, అంటే 3, 4, 5 వంటి చిన్న అంకె. ఆ అంకె కెర్నెల్ లోపలి ఒక నమోదును చూపిస్తుంది. ఏ ఫ్లాగులతో తెరిచారు, ఇప్పుడు ఎన్నో బైట్ దగ్గర ఉన్నారు అన్నవి ఆ నమోదులో ఉంటాయి. ఆ నమోదు ఐనోడ్‌ను చూపిస్తుంది. ఐనోడంటే అసలు ఫైలు. పేరు కూడా డైరెక్టరీలో ఉంటుంది తప్ప ఐనోడ్‌లో ఉండదు. తాళం వేసినప్పుడు దాని యజమాని ఎవరు? ప్రాసెసా, నడిమి నమోదా? ఈ ఒక్క ప్రశ్నకు రెండు బృందాలు రెండు జవాబులు చెప్పాయి. దాని పర్యవసానాలు ముప్పై ఏళ్లు సాగాయి.

ముందుగా తాళం అనే మాట కలిగించే భ్రమను తొలగించాలి. యూనిక్స్ ఫైలు తాళం ఎవరినీ ఆపదు. పండగ రోజుల్లో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు లాంటిదది. తువ్వాలును గౌరవించేవాళ్లు మరో సీటు వెతుక్కుంటారు, దాన్ని పక్కకు నెట్టి కూర్చునేవాణ్ణి తువ్వాలు ఏమీ చేయలేదు. తాళం ఉందా అని అడిగిన ప్రోగ్రాముకే కెర్నెల్ ఉందని చెబుతుంది. అడగకుండా నేరుగా రాసేసే ప్రోగ్రామును అది అడ్డుకోదు. అందుకే వీటిని సలహా తాళాలంటారు. చదివేవాళ్లు ఎంతమందైనా ఒకేసారి పట్టుకోగలిగేది ఉమ్మడి తాళం, రాసేవాళ్లు ఒక్కరే పట్టుకోగలిగేది ఏకాంత తాళం.

బెర్కిలీ బృందం 1983లో 4.2 బీఎస్‌డీతో ‘ఫ్లాక్’ అనే సిస్టమ్ కాల్ ఇచ్చింది. అది ఫైలు మొత్తానికీ వేసే తాళం, దాని యజమాని నడిమి నమోదు. ప్రోగ్రామే విడిపించకపోతే, ఆ నమోదును చూపించే డిస్క్రిప్టర్లన్నీ మూతపడ్డాకే తాళం విడుతుంది. ఏటీ అండ్ టీ వైపు నుంచి వచ్చిన ‘ఎఫ్‌కంట్రోల్’ తాళం మరోరకం. ఫైల్లో ఫలానా బైట్ నుంచి ఫలానా బైట్ దాకా అని కొలిచి వేయవచ్చు. డేటాబేస్ రాసేవాళ్లకు అది వరం. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఇరుక్కుపోయే పరిస్థితిని పసిగట్టి తప్పు చూపించే ఏర్పాటు కూడా దానికి ఉంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిగా 1988లో వచ్చిన పోజిక్స్ ప్రమాణం ఎఫ్‌కంట్రోల్‌నే తీసుకుంది. ఈ తాళం యజమాని ప్రాసెస్.

ప్రమాణంలో ఇంకో నియమం కూడా చేరింది. ఒక ప్రాసెస్ ఒక ఫైలు మీద ఎన్ని తాళాలు వేసినా, ఆ ఫైలుకు సంబంధించిన ఏ ఒక్క డిస్క్రిప్టరును మూసినా ఆ తాళాలన్నీ విడిపోతాయి. తాళం వేసిన డిస్క్రిప్టరే కానక్కర్లేదు. ఒక ప్రోగ్రాము ఖాతాల ఫైలు మీద తాళం వేసి, దాన్ని మారుస్తూ, మధ్యలో ఏదో లైబ్రరీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ అదే ఫైలును తెరిచి, ఒక వరుస చదివి, బుద్ధిగా మూస్తుంది. ఆ మూయడంతో ప్రోగ్రాము వేసుకున్న తాళం పోతుంది. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు, తప్పు సందేశం రాదు. అది రాస్తూనే ఉంటుంది, మరొకరు కూడా రాయడం మొదలుపెడతారు. మంచి ప్రోగ్రాములు చిన్న చిన్న లైబ్రరీల కలయికతో తయారవుతాయి. ఒక లైబ్రరీ చేసే పని మరొకదాని తాళాన్ని చప్పుడు లేకుండా తెంచేలా ఉన్న ఈ నియమం పోజిక్స్‌లోని పెద్ద తప్పుల్లో ఒకటి. థ్రెడ్ల విషయంలో ఇది మరీ అన్యాయం. ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్లు ఒకదాన్నొకటి ఈ తాళంతో ఆపుకోలేవు. యజమాని ఒక్కరే కాబట్టి రెండోది అడిగిన వెంటనే తాళం దొరికేస్తుంది.

ఆ నియమంతో వేగిపోతూ కూడా కోట్లాది ఫోన్లలో నమ్మకంగా పనిచేస్తున్న ప్రోగ్రాము ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేస్‌కు వేరే సర్వరంటూ ఉండదు. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు ఉండేది ఇలాంటి ఫైళ్లలోనే. వాట్సాప్ సందేశాలు కూడా ఫోన్‌లో ఎస్‌క్యూలైట్ ఫైలుగానే ఉంటాయి. ఒకరు చదువుతుండగా మరొకరు రాసినా ఆ ఫైలు చెడకూడదు. దానికి ఎస్‌క్యూలైట్ మూడో వెర్షన్ చేసుకున్న ఏర్పాటు కొంచెం నిదానంగా చూడదగినది.

ఫైల్లో సరిగ్గా ఒక గిగాబైట్ దగ్గర మొదలయ్యే 512 బైట్లను అది తాళాల కోసమే కేటాయించింది. డేటాబేస్ పది కిలోబైట్లే ఉన్నా సరే, తాళం వేయడానికి ఆ బైట్లు నిజంగా ఉండనక్కర్లేదు. ఫైలు చివర దాటిన చోట కూడా ఎఫ్‌కంట్రోల్ తాళం వేయనిస్తుంది. మొదటి బైట్ పేరు పెండింగ్, రెండోది రిజర్వ్‌డ్, మిగిలిన 510 షేర్డ్. చదివేవాళ్లు షేర్డ్ భాగం మీద ఉమ్మడి తాళం పట్టుకుంటారు, ఎంతమందైనా పట్టుకోవచ్చు. రాయదలచినవాళ్లు ముందు రిజర్వ్‌డ్ బైట్ మీద ఏకాంత తాళం తీసుకుంటారు. అంటే రాయాలనుకుంటున్నది నేనొక్కణ్ణే అని ప్రకటించడం. అప్పటికి చదివేవాళ్లకు ఏ ఆటంకమూ లేదు, కొత్తగా చదవడానికి వచ్చేవాళ్లనూ రానిస్తారు. మార్పులన్నీ మెమొరీలో సిద్ధమయ్యాక ఫైల్లో రాసే సమయం వస్తుంది. అప్పుడు పెండింగ్ బైట్‌ను పట్టుకుంటారు. చదవడానికి వచ్చే ప్రతివాళ్లూ ముందు ఆ పెండింగ్ బైట్‌ను క్షణకాలం తాకి లోపలికి వెళ్లాలన్నది నియమం కాబట్టి, ఇక కొత్తవాళ్లు రాలేరు. లోపల ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చదవడం ముగించి వెళ్తారు. చివరివాళ్లు వెళ్లగానే 510 బైట్ల మీదా ఏకాంత తాళం దొరుకుతుంది, రాత మొదలవుతుంది.

పెండింగ్ బైట్ లేకపోతే ఏమయ్యేది? చదివేవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటే రాసేవాళ్లకు వంతే వచ్చేది కాదు. ఒక్క బైట్‌తో ఆ అన్యాయాన్ని ఆపారు. ఒకే బైట్ సరిపోయే చోట షేర్డ్ భాగానికి 510 బైట్లెందుకన్న అనుమానం రావచ్చు. విండోస్ 95 తరం సిస్టమ్‌లలో ఉమ్మడి తాళం అనే సదుపాయం లేదు. అక్కడ చదివేవాళ్లు ఆ 510లో ఏదో ఒక బైట్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుని దాని మీద ఏకాంత తాళం వేసుకునేవారు. ఇద్దరు ఒకే బైట్‌ను ఎంచుకునే అవకాశం తక్కువ కాబట్టి చాలామంది ఒకేసారి చదవగలిగేవారు. ఆ సిస్టమ్‌లు పోయాయి, 510 మాత్రం ఫైలు రూపంలో భాగంగా ఉండిపోయింది.

ఏదో ఒక డిస్క్రిప్టరు మూస్తే తాళాలన్నీ పోయే నియమాన్ని తప్పించుకోవడానికి ఎస్‌క్యూలైట్ ఇంకో పని చేస్తుంది. ఒక ప్రాసెస్‌లో ఒకే డేటాబేస్‌ను రెండుచోట్ల తెరిచి ఉన్నప్పుడు, ఒకచోట మూయమన్నా వెంటనే మూయదు. ఆ ఫైలు మీద తాళాలు ఉన్నంతసేపూ మూయాల్సిన డిస్క్రిప్టర్లను ఒక జాబితాలో పెట్టుకుని, తాళాలు విడిచాక మూస్తుంది. ఏ ఫైలు ఎక్కడ తెరిచి ఉందో ఐనోడ్ నంబరుతో సొంత లెక్క రాసుకుంటుంది. కెర్నెల్ చేయాల్సిన పనిని ఒక లైబ్రరీ తన భుజాల మీద వేసుకుంది.

ఫైళ్లను విండోస్ యంత్రాలతో పంచుకునే సాంబా సర్వరు రాసినవాళ్లదీ ఇదే గోడు. విండోస్‌లో తాళం తెరిచిన హ్యాండిల్‌కు చెందుతుంది, ప్రాసెస్‌కు కాదు. రెంటినీ పొసగించడానికి సాంబా పెద్ద అల్లిక అల్లుకోవాల్సి వచ్చింది. చివరికి జెఫ్ లేటన్ రాసిన మార్పుతో 2014లో లినక్స్ 3.15లో ‘ఓఎఫ్‌డీ’ తాళాలు వచ్చాయి. ఎఫ్‌కంట్రోల్ లాగే బైట్లు కొలిచి వేయవచ్చు, ఫ్లాక్ లాగే యజమాని నడిమి నమోదు. ఎవరో మరోచోట తెరిచి మూసినంత మాత్రాన ఇవి పోవు. థ్రెడ్లు విడివిడిగా తెరుచుకుంటే ఒకదాన్నొకటి ఆపుకోగలవు. పదేళ్ల తర్వాత 2024 నాటి పోజిక్స్ ప్రమాణం వీటిని తనలో చేర్చుకుంది. పాత తాళం నియమం మాత్రం మారలేదు, ఎందుకంటే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి.

నిజంగా ఆపే తాళాలు అసలు లేవా? ఉండేవి. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ నుంచి తెచ్చుకున్న బలవంతపు తాళాలు లినక్స్‌లో చాలాకాలం ఉన్నాయి. ఫైలు అనుమతుల్లో మామూలుగా అర్థంలేని ఒక కలయికను పెట్టి, డిస్కును ప్రత్యేక ఐచ్ఛికంతో మౌంట్ చేస్తే, తాళం ఉన్నప్పుడు అడగకుండా రాసేవాళ్లను కూడా కెర్నెల్ నిలిపేసేది. చదవడం, రాయడం జరిగే ప్రతిచోటా తనిఖీ పెట్టినా, తనిఖీకీ అసలు పనికీ నడుమ ఖాళీ మిగిలిపోయింది. భరోసా ఇవ్వలేని కాపలా అని కెర్నెల్ పత్రాలే ఒప్పుకున్నాయి. వాడేవాళ్లు దాదాపు లేరని తేలాక 2021లో లినక్స్ 5.15 నుంచి వాటిని తీసేశారు. విండోస్ దారి వేరు. అక్కడ ఫైలును తెరిచేటప్పుడే ఇతరులు చదవవచ్చా, రాయవచ్చా, తొలగించవచ్చా అన్నది చెప్పాలి. ఒప్పుకోకపోతే ఇతరులకు ఫైలు తెరుచుకోదు. ఫైలు వేరే ప్రోగ్రాములో తెరిచి ఉంది, తొలగించలేం అని విండోస్ చెప్పే మాట ఆ ఏర్పాటు ఫలితమే.

లినక్స్‌లో అలాంటి అడ్డు లేకపోవడం వల్ల ఒక తప్పు సలహా ప్రచారంలో ఉంది. ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు ప్యాకేజీ పెట్టబోతే లాక్ దొరకలేదనే సందేశం అప్పుడప్పుడు వస్తుంది. ఆ లాక్ ఫైలును తొలగించేయమని చాలామంది చెబుతారు. ఇక్కడ తాళం ఫైలు ఉండటంలో లేదు, ఐనోడ్ మీద ఎఫ్‌కంట్రోల్‌తో వేసిన తాళంలో ఉంది. పేరు తొలగించినా, మొదటి ప్రోగ్రాము చేతిలో పాత ఐనోడ్ తాళంతో సహా ఉంటుంది. రెండోది అదే పేరుతో కొత్త ఫైలు పుట్టించి, కొత్త ఐనోడ్ మీద తాళం వేసుకుంటుంది. ఇద్దరికీ తాళం దొరికింది, ఇద్దరూ ప్యాకేజీల డేటాబేస్‌ను ఒకేసారి మారుస్తున్నారు. కూలిపోయిన ప్రోగ్రాము తాళాన్ని కెర్నెలే విడిపిస్తుంది కాబట్టి ఆ సందేశం వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ మరో ప్రోగ్రాము నిజంగానే నడుస్తోందని అర్థం. అది ముగిసేదాకా ఆగడమే సరైన పని.

ఓపెన్ సిస్టమ్ కాల్‌లోనూ ఒక పాత లోపం ఉంది. తెలియని ఫ్లాగు ఇస్తే లినక్స్ దాన్ని తప్పుపట్టదు, పట్టించుకోకుండా వదిలేస్తుంది. భద్రత కోసం కొత్త ఫ్లాగు చేర్చితే, పాత కెర్నెల్ మీద ఆ భద్రత లేకుండానే ఫైలు తెరుచుకుంటుంది. 2013లో పేరులేని తాత్కాలిక ఫైళ్ల కోసం ‘ఓ_టెంప్‌ఫైల్’ తెచ్చినప్పుడు దీనికి ఒక చక్కని దారి కనిపెట్టారు. డైరెక్టరీ మాత్రమే కావాలనే పాత ఫ్లాగును కొత్తదాని లోపలే కలిపారు, రాయడానికి తెరవాలన్న షరతు పెట్టారు. డైరెక్టరీని రాయడానికి తెరవడం కుదరదు కనుక పాత కెర్నెల్ తప్పకుండా తిరస్కరిస్తుంది. ప్రతి కొత్త ఫ్లాగుకూ ఇలాంటి ఉపాయం దొరకదు కదా. అందుకే 2020లో లినక్స్ 5.6తో ‘ఓపెన్‌యట్2’ అనే కొత్త సిస్టమ్ కాల్ వచ్చింది. తెలియని ఫ్లాగు కనిపిస్తే అది పని చేయకుండా తిరిగి పంపుతుంది.

లినక్స్ ఉన్న కంప్యూటరు దగ్గర ఉంటే వీటిలో చాలావాటిని పాఠకులు స్వయంగా చూడవచ్చు. రెండు టెర్మినళ్లు తెరిచి, ‘ఫ్లాక్’ కమాండుతో రెండింట్లోనూ ఒకే ఫైలు మీద తాళం అడిగితే, రెండోది ఆగిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. అది ఆగి ఉండగా మూడో టెర్మినల్‌లోంచి ఆ ఫైల్లోకి ‘>>’తో ఒక వరుస పంపితే, తాళం ఉన్నా ఆ వరుస చేరిపోతుంది. ప్రోక్ డైరెక్టరీలోని ‘లాక్స్’ అనే ఫైలును చదివితే ఆ క్షణాన యంత్రంలో ఎవరెవరు ఏ ఐనోడ్ మీద ఏ తాళం పట్టుకుని ఉన్నారో, ఎవరు వేచి ఉన్నారో వరుసగా ఉంటుంది. ప్రోగ్రామింగ్ చదువుతున్న విద్యార్థులు ఓపెన్, ఎఫ్‌కంట్రోల్ మాన్యువల్ పేజీలను మొదటి ఉద్యోగానికి ముందే ఒకసారి చివరిదాకా చదవాలి. ఈ అధ్యాయంలో చెప్పిన హెచ్చరికల్లో చాలా భాగం ఆ పేజీల్లోనే ఉంది.